బొమ్మ ముందు నోరు తెరవడం

ఐదారేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక కుర్ర చిత్రకారుడి మొదటి ప్రదర్శనకి వెళ్లాను. జ్యోతి ప్రజ్వలన అయింది. వేదిక మీద ఆరుగురు పెద్దలు, ఆరుగురికీ శాలువాలు, మెమెంటోలు. ముఖ్య అతిథి మన సంస్కృతి గొప్పదనం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఇంకొకాయన చిన్నప్పుడు తనూ బొమ్మలు వేసేవాణ్ణనీ, ఉద్యోగంలో పడి మానేశాననీ చెప్పుకున్నారు. మూడో ఆయన ప్రభుత్వం కళాకారుల్ని ఆదుకోవాలన్నారు. గంటకి పైగా సాగిన ఆ సభలో, చుట్టూ గోడల మీద వేలాడుతున్న ఇరవై రెండు బొమ్మల్లో ఒక్కదాని ప్రస్తావన కూడా ఎవరి నోటా రాలేదు. తర్వాత సమోసాలు, టీ. గుమ్మం దగ్గర అభిప్రాయాల పుస్తకంలో ‘నైస్ వర్క్’, ‘కీపిట్ అప్’, ‘రంగుల మేళవింపు అద్భుతం’. ఆ మూడోది రాసింది నేనే.

నిజానికి అక్కడ నన్ను పట్టి ఆపిన బొమ్మ ఒకటుంది. రాత్రిపూట బస్టాండులో వరసగా పడుకున్న మనుషులు. మొహాలు సగం చీకట్లో ఉన్నాయి, వాటిమీద పెద్దగా పని చేసినట్టు లేదు. తలల కింద పెట్టుకున్న చెప్పుల్ని మాత్రం అరిగిన మడమతో, తెగి మళ్లీ కుట్టించుకున్న పట్టీతో, ఒక్కో జతనీ విడివిడిగా వేశాడు. మొహాల కన్నా చెప్పులకి ఎక్కువ పోలికలున్నాయేమిటా అనుకుంటూ నిలబడ్డాను. అంతలో ఆ అబ్బాయి వచ్చి, “ఎట్ల ఉన్నయన్నా?” అని అడిగాడు. “చాలా బాగున్నాయి తమ్ముడూ” అన్నాను. అంతే.

రెండేళ్ల తర్వాత మళ్లీ కనబడ్డాడు. ఏదో కంపెనీలో యాప్‌లకి స్క్రీన్లు డిజైన్ చేస్తున్నాడు. బొమ్మలు మానేశానన్నాడు. అమ్ముడుపోక మానేశాడేమో అనుకున్నాను. ఆ ప్రదర్శనలో రెండు అమ్ముడుపోయాయట. “పైసల గురించి కాదన్నా. అందరూ బాగుందన్నరు. నేను వేసింది ఎవరికన్నా కనవడ్డదో లేదో మాత్రం నాకు తెల్వలే” అన్నాడు.

ఈ వ్యాసం ఆ మాట గురించే. చిత్రకళకి ఆదరణ లేదని మనం తరచూ వాపోతుంటాం. ఆదరణ అనగానే గ్రాంటు, గ్యాలరీ, అవార్డు, కొనుగోలు గుర్తొస్తాయి. ఇవన్నీ కావాలి, కాదనను. వీటికంటే చాలా చవకైనదీ, ఇవేవీ తీర్చలేనిదీ ఇంకొక అవసరం ఉంది. బొమ్మ ముందు నిలబడి, దానిలో ఏం కనబడుతోందో పక్కవాళ్లతో మన భాషలో మాట్లాడుకోవడం. అలా మాట్లాడుకునే చోటు ఊరికొకటి ఉండాలి. ఒకప్పుడు మనకి ఉండేది. అది ఎలా పోయిందన్నది ఆలోచించాల్సిన విషయం.

*

ముందుగా ఒక అపోహ. మనవాళ్లకి బొమ్మల గురించి మాట్లాడటం రాదు, అందుకు ‘విజువల్ లిటరసీ’ కావాలి, అది స్కూళ్లలో నేర్పలేదు అంటుంటారు. ధనుర్మాసంలో ఏదైనా వీధిలోకి వెళ్లి చూడండి. ముగ్గు పూర్తయ్యేసరికి ఎదురింటావిడ వచ్చి నిలబడుతుంది. “పదిహేను చుక్కలా? సందు చుక్కా, ఎదురు చుక్కా?” అంటుంది. సందు చుక్కయితే వరసకొకటి చొప్పున తగ్గుతూ ఎనిమిది దాకా వెళ్లాలి. ఎదురు చుక్కయితే రెండేసి తగ్గుతూ ఒకటికి రావాలి. ఎక్కడో మెలిక తప్పింది. చూసినావిడ పట్టేస్తుంది. “ఈ మూల కలవలేదు చూడు” అంటుంది. వేసినావిడ ఒప్పుకోదు, కావాలనే అలా వదిలానంటుంది. గీత లావయిందనీ, పిండి జారవిడిచే చెయ్యి ఇంకా తిరగలేదనీ, రంగులు పోసి గీతని చంపేశారనీ వ్యాఖ్యానాలు నడుస్తాయి. కొలత, సౌష్ఠవం, గీత బలం, ఖాళీ జాగా, కళాకారిణి ఉద్దేశం అన్నీ ఆ పది నిమిషాల్లో చర్చకొస్తాయి. ఎవరూ నొచ్చుకోరు. మర్నాడు ఇంకా మంచి ముగ్గు పడుతుంది.

చీరల కొట్టుకి వెళ్లినా అంతే. అంచు బరువు, ఒంటి రంగుకీ కొంగుకీ పొత్తు, బుటాలు దగ్గరయ్యాయా దూరమయ్యాయా అని అరగంటసేపు వాదించగల జాతి మనది. అదే మనిషి ఆర్ట్ గ్యాలరీలో అడుగుపెట్టగానే గొంతు తగ్గించి, చేతులు వెనక్కి కట్టుకుని, ‘నాకు ఆర్ట్ గురించి ఏమీ తెలీదండీ’ అంటాడు. తెలివి ఎక్కడికీ పోలేదు. ఆ తెల్లగోడల గదిలో తన మాటకి విలువ లేదని ఎవరో ఎప్పుడో అతనికి నేర్పారు. ఆ నేర్పినవాళ్లలో చిత్రకళ గురించి తెలుగులో రాసే మేమూ ఉన్నాం.

*

మాట లేకుండా బొమ్మే ఉండని సంప్రదాయం ఒకటి మనకి చాలా దగ్గర్లో ఉంది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీల పటం. ఈ ‘నకాషీ’, మనం నగల మీదా తలుపుల మీదా చూసి మెచ్చుకునే ‘నగిషీ’ ఒకే పదం. ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద కథని అడ్డపట్టీలుగా విభజించి వేస్తారు. పాత పటాలు మూడడుగుల వెడల్పుతో ముప్ఫై, నలభై అడుగులు, కొన్ని అంతకన్నా పొడవుండేవి. నిలువుగా వేలాడదీసి, ఒక్కో పట్టీ విప్పుతూ కథకుడు పుల్లతో చూపిస్తూ రాత్రంతా కథ చెబుతాడు.

ఎవరికి చెబుతాడన్నది ముఖ్యం. కాకిపడిగెల వాళ్లు ముదిరాజులకి పాండవుల కథ చెబుతారు. కూనపులి వాళ్లు పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెబుతారు. గౌడజెట్టీలు గౌడులకి, డక్కలివాళ్లు మాదిగలకి చెబుతారు. డక్కలివాళ్ల జాంబపురాణంలో సృష్టికి ముందున్నవాడు ఆదిజాంబవుడు. ఊళ్లో అగ్రకులాలు చెప్పే సృష్టికథకి అది సూటి జవాబు. కాబట్టి పటం అంటే అలంకారం కాదు. ఒక కులం తన పుట్టుక గురించి, తన పని గౌరవం గురించి చేసుకునే వాదన. ఆ వాదనలో బొమ్మ సాక్షి.

ఇక్కడ ప్రేక్షకుడి స్థానం గమనించండి. పటానికి డబ్బిచ్చేది ఆ కులమే, కథకుడికి మిరాశీ ఇచ్చేది ఆ కులమే, ఎదురుగా కూర్చుని చూసేదీ ఆ కులమే. వాళ్లకి కథ ముందే తెలుసు. కొత్త పటం వచ్చినప్పుడు చిత్రకారుడు ఫలానా ఘట్టాన్ని ఎందుకు కుదించాడు, తమ మూలపురుషుణ్ణి ఎంత పెద్దగా వేశాడు, మగ్గం సరిగ్గా వేశాడా లేదా అని అడిగే హక్కూ అర్హతా రెండూ వాళ్లకున్నాయి. మగ్గం నేసేవాడి ముందు మగ్గం బొమ్మ తప్పు వేసి బతకడం కష్టం. నకాషీ చిత్రకారుడికి అంతకన్నా పదునైన విమర్శకులు ఏ మహానగరంలో దొరుకుతారు?

ఆ చుట్టరికం తెగాక ఏమైందో మనకి తెలుసు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, మిరాశీలు ఆగిపోయాయి. జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ లాంటి సేకర్తల కంట పడటం వల్ల కొన్ని పాత పటాలు మిగిలాయి. హస్తకళల సంస్థలు ముందుకొచ్చాయి, జీఐ గుర్తింపు వచ్చింది, కొద్ది కుటుంబాలు ఆ పనిని నిలబెట్టాయి. నలభై అడుగుల పటం ఫ్రేములో ఇమిడే బొమ్మయింది, మాస్క్ అయింది, కీచెయిన్ అయింది. దీన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ కీచెయినే ఆ ఇంట్లో అన్నం పెట్టింది. నా బాధ వేరే. చిత్రకారుడికి ఈరోజు కొనేవాడున్నాడు గానీ, ‘ఈ ఘట్టం ఇక్కడెందుకు ఆపావు?’ అని అడిగేవాడు లేడు. మేళాల్లో నకాషీ చిత్రకారుణ్ణి స్టాలులో కూర్చోబెట్టి ‘లైవ్ డెమో’ పెడతారు. జనం చుట్టూ మూగి ఫోన్లలో వీడియో తీస్తారు. అడిగే ప్రశ్నలు రెండే. ఎన్ని రోజులు పడుతుంది, ఎంత? పక్క హాల్లో ‘సమకాలీన కళ – సవాళ్లు’ అనే సెమినార్ జరుగుతూ ఉంటుంది. ఆ వేదిక మీద ఈయనకి కుర్చీ ఉండదు. ఒకాయన చేతులతో పనిచేసేవాడు, ఇంకొకాయన ఆలోచించేవాడు అనే పాత విభజనని మన కళాసంస్థలు ఇంత భద్రంగా కాపాడుకుంటూ రావడం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇంకా సూటిగా చెప్పాలంటే, అందులో కులం ఉంది.

*

రెండో ఉదాహరణ గోదావరి గట్టుది. రాజమండ్రి గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన స్వయంగా బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. ఆయన చుట్టూ చేరిన కుర్రాళ్లలో అడివి బాపిరాజు, దామెర్ల రామారావు, వరదా వెంకటరత్నం ఉన్నారు. రామారావు బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్లి చదువుకున్నాడు. అక్కడే స్థిరపడగల ప్రతిభ ఉన్నవాడు. తిరిగి రాజమండ్రి వచ్చేశాడు. 1920ల మొదట్లో మిత్రులతో కలిసి ఆంధ్రా సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్స్ పెట్టాడు. తన ఇంట్లోవాళ్లూ అందులో భాగమే, ఆయన భార్య సత్యవాణి కూడా చిత్రకారిణి. 1925లో మశూచితో రామారావు చనిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

ఆ తర్వాత జరిగింది నాకు ఎక్కువ ముఖ్యం. మనిషి పోయినా గుంపు చెదిరిపోలేదు. వరదా వెంకటరత్నం, ఇతర మిత్రులు ఆ చిత్రకళా పాఠశాలని నడిపారు, బొమ్మల్ని ఊళ్లోనే ఉంచారు. ఈరోజుకీ రామారావు బొమ్మలు చూడాలంటే రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీకి వెళ్లాలి. ఢిల్లీకో ముంబైకో వెళ్లక్కర్లేదు. ఒక చిన్న ఊరి మిత్రబృందం ఒక చిత్రకారుణ్ణి మనకి మిగిల్చింది. ఏ అకాడమీ పుట్టకముందు సంగతి ఇది.

అయితే ఆ బొమ్మల గురించి ఆ తర్వాత తెలుగులో ఏం మాట్లాడుకున్నాం? ‘సిద్ధార్థ రాగోదయం’ రామారావు ప్రసిద్ధ చిత్రాల్లో ఒకటి. రాసిన ప్రతివాళ్లూ రేఖా లాలిత్యం, అజంతా ప్రభావం, ఆంధ్రత్వం అనే మూడు మాటలు రాసి ఊరుకున్నారు. పేరు దగ్గర కాసేపు ఆగితే ఎంత వస్తుందో చూడండి. సిద్ధార్థుడనగానే మనకి వైరాగ్యం గుర్తొస్తుంది, అన్నీ వదిలి వెళ్లిన రాత్రి గుర్తొస్తుంది. ఈ చిత్రకారుడు రాగం దగ్గర ఆగాడు. సంస్కృతంలో రాగమంటే అనురాగమే కాదు, ఎరుపు, రంగు కూడా. రాగోదయమంటే ప్రేమ పుట్టిన క్షణం, రంగు పుట్టిన క్షణం. రంగుల మనిషి బుద్ధుడి కథలో ఎంచుకున్న ఘట్టం ఇదీ. పాతికేళ్ల యువకుడు, చుట్టూ జాతీయోద్యమం, త్యాగం గురించిన ఉపన్యాసాలు. అప్పుడు అతను ‘నేను రాగం వైపు’ అంటున్నాడా? నా చదువు తప్పు కావచ్చు. తప్పని చెప్పడానికైనా నలుగురు ఆ బొమ్మ ముందు కూర్చోవాలి కదా. వందేళ్లుగా ఆ బొమ్మ మన దగ్గరే ఉంది. దాని గురించిన పోట్లాట ఒక్కటీ మన సాహిత్య చరిత్రలో లేదు. ఒక్క కవితా సంపుటి మీద పత్రికల్లో ఆర్నెల్లు కొట్టుకున్న చరిత్ర ఉన్నవాళ్లం మనం.

*

మూడోది బయటి ఊరు, కానీ మనకి సంబంధం ఉంది. 1969లో బరోడాలో గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖక్కర్ కలిసి ‘వృశ్చిక్’ అనే చిన్న పత్రిక మొదలుపెట్టారు. వృశ్చికం అంటే తేలు. 1973 దాకా నడిచింది. చిత్రకారులు సొంతంగా రాసుకుని, బొమ్మలు అచ్చేసుకుని, గుజరాతీ కవిత్వాన్ని అనువదించుకుని, లలిత కళా అకాడమీ పద్ధతుల మీద పోరాడిన పత్రిక. దాన్ని ఎందరు చదివారన్న లెక్కకి పెద్ద అర్థం లేదు. ఒక ఊరు ఒక ఆలోచనగా మారింది. ఇప్పటికీ భారతీయ చిత్రకళలో ‘బరోడా’ అంటే కాలేజీ పేరొక్కటే కాదు, ఒక మాట్లాడే తీరు.

ఆ బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మన లక్ష్మాగౌడ్ చదువుకున్నారు, తోట వైకుంఠం చదువుకున్నారు. ఇద్దరూ తెలంగాణ పల్లెల నుంచి వెళ్లి తిరిగి హైదరాబాద్ వచ్చినవాళ్లే. లక్ష్మాగౌడ్ 1970ల నాటి ఎచింగులు చూడండి. మేకలు, చెట్లు, ఆడామగా శరీరాలు ఒకదాన్లోంచి ఒకటి మొలుచుకొస్తుంటాయి. పల్లెలో కామం ఎంత బాహాటంగా ఉంటుందో, పట్నం ముసుగు దాన్నెలా మూస్తుందో రాగి రేకు మీద సన్నటి గీతల్లో చెప్పారాయన. అదే కాలంలో తెలుగు కవిత్వంలో శ్లీలాశ్లీల చర్చ ముమ్మరంగా సాగింది. దిగంబర కవుల మీద పేజీలకి పేజీలు రాశాం. రాగి రేకు మీద అంతకన్నా లోతుగా జరుగుతున్న పనిని ఆ చర్చలోకి మనం పిలవలేదు. కవులకి చిత్రకారులు స్నేహితులే, పుస్తకాలకి ముఖచిత్రాలు వేయించుకున్నారు. ముఖచిత్రం దాటి లోపలికి రానివ్వలేదు.

వైకుంఠం విషయం ఇంకో రకం. పెద్ద బొట్టు, ఎర్రచీర, ముక్కుపుడక, భుజం మీద చిలక ఉన్న ఆ తెలంగాణ స్త్రీ ఈరోజు పెళ్లి కార్డుల మీద, హోటల్ లాబీల్లో, నకళ్ల రూపంలో సగం అపార్ట్‌మెంట్లలో ఉంది. ఆదరణ అంటే అమ్మకమే అయితే ఇంతకన్నా ఆదరణ ఇంకెక్కడుంది? మరి ఆ బొమ్మల్ని అడగాల్సినవి ఎవరైనా అడిగారా? ఈ స్త్రీలు ఎందుకంత తీరుబడిగా, అలంకరించుకుని, మనవైపు చూడకుండా ఉంటారు? పొలం ఏది, బీడీ ఏది, చెమట ఏది? ఇదే వైకుంఠం 1988లో బి. నర్సింగరావు ‘దాసి’ సినిమాకి కళాదర్శకుడు, జాతీయ అవార్డు కూడా వచ్చింది. గడీలో దాసి బతుకుని అంగుళం అంగుళం తన కళ్లతో అమర్చిన మనిషి, కాన్వాస్ మీద ఆ స్త్రీకి పట్టుచీర కట్టి కూర్చోబెట్టాడు. ఇది తప్పించుకోవడమా, లేక గడీలో ఆమెకి దక్కని వైభవాన్ని ఆమెకి అప్పగించడమా? నేను రెండోవైపు మొగ్గుతాను. మొదటివైపు వాదించే మిత్రులున్నారు. ఆ వాదన జరిగితే ఆయన బొమ్మ పెళ్లి కార్డు మీంచి లేచి మళ్లీ బొమ్మ అవుతుంది.

*

తెలుగులో ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 1924లో మొదలైన ‘భారతి’ ఆనాటి చిత్రకారుల బొమ్మల్ని రంగుల్లో అచ్చువేసి ఇళ్లలోకి పంపింది. తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ జీవితమంతా సౌందర్యం గురించి, రంగు గురించి రాశారు. ఆయన ఉత్తరాలే ఒక పెద్ద సంభాషణ. ఆ ఊరికి చిత్రకారులూ కవులూ వెతుక్కుంటూ వెళ్లారు. ఆర్టిస్ట్ మోహన్ ‘కార్టూన్ కబుర్లు’లో ప్రపంచ కార్టూనిస్టుల గురించి హోటల్లో ఎదురుగా కూర్చుని చెప్పినట్టు చెప్పాడు. చిత్రకళ గురించి రాయాలంటే సంస్కృత సమాసాలో, ఇంగ్లీషు జార్గనో అక్కర్లేదని నా తరానికి చూపించినవాడు ఆయనే. ఆయన గది ఎంతమంది కుర్ర ఆర్టిస్టులకి కాలేజీ అయిందో తెలిసినవాళ్లకి తెలుసు.

వీటన్నిటికీ ఒకే బలహీనత ఉంది. అన్నీ ఒక్కో మనిషి భుజాల మీద నడిచాయి. సంజీవదేవ్ 1999లో వెళ్లిపోయారు, మోహన్ 2017లో వెళ్లిపోయాడు. వాళ్లతోపాటే ఆ గదులూ మూతపడ్డాయి. రాజమండ్రి మిత్రులు చేసిన పని, అంటే మనిషి పోయాక కూడా గదిని తెరిచి ఉంచడం, మనం మళ్లీ చేయలేకపోయాం. పైగా అడ్డాలకి ఇంకో ఇబ్బంది ఉంది. రాత్రి తొమ్మిదింటికి, పొగలో, గ్లాసుల మధ్య నడిచే చర్చలోకి ఎవరు రాగలరు, ఎవరు రాలేరు? మన చిత్రకళా జ్ఞాపకాల్లో ఆడవాళ్ల పేర్లు ఎందుకు అంత తక్కువో ఆ గడియారాన్ని అడిగితే కొంత తెలుస్తుంది.

సాహిత్యంలో మనం ఈ గండం దాటాం. డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ వాళ్లు ఏళ్ల తరబడి ఒక పుస్తకం తీసుకుని, చదివి వచ్చి, కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మనుషులు మారినా కూర్చోవడం ఆగలేదు. హైదరాబాద్‌లో 2010 నుంచి లామకాన్ లాంటి చోట్లు, ఎవరైనా వచ్చి ఏదైనా మాట్లాడుకోగల ఆవరణలు నడుస్తున్నాయి. పుస్తకానికి చేయగలిగింది బొమ్మకి చేయలేమా?

*

కొంతకాలం మేం చేసి చూశాం. గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఎనిమిది తొమ్మిదిమందిమి, నెలకో ఆదివారం పగటిపూట, ఒక మిత్రురాలి ఇంటి హాల్లో. నియమాలు నాలుగు. ఒక్క బొమ్మే చూడాలి. మొదటి పావుగంట ఎవరూ మాట్లాడకూడదు. ఆ తర్వాత పావుగంట ‘ఏం కనబడుతోంది’ అనేదే చెప్పాలి, ‘ఎలా ఉంది’ అనేది చెప్పకూడదు. వేసినవాళ్లు ఎదురుగా ఉంటే వాళ్లు చివర్లోనే నోరు తెరవాలి.

మొదటి మూడు నెలలు నరకం. కవులు బొమ్మని చూడగానే కవిత్వం చెప్పేవారు. ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లు ‘స్పేషియాలిటీ’, ‘మెటీరియాలిటీ’ అనేవారు, మిగతావాళ్లు గోళ్లు గిల్లుకునేవారు. నాలుగో నెలలో ఒకావిడ తనతోపాటు వాళ్ల వీధిలో ఉండే పెద్దాయన్ని తీసుకొచ్చింది. ముప్ఫై ఏళ్లు షాపుల బోర్డులు, సినిమా కటౌట్లు రాసి, ఫ్లెక్సీలొచ్చాక పని పోయినాయన. మేం కాకా అని పిలిచేవాళ్లం. ఆరోజు గోడ మీద వైకుంఠం బొమ్మ ప్రింటు ఉంది. పావుగంట మౌనం అయ్యాక కాకా లేచి దగ్గరికి వెళ్లి వేలితో గాల్లో ఒక గీత లాగాడు. “ఈ నల్ల గీత చూడుండ్రి బిడ్డా. భుజం కాడ మొదలువెట్టి మోచేయి దాక ఆగకుండ లాగిండు. నడుమ ఆగితే ఆడ ముద్ద అయితది. ఆగలే. అంటే ఈ బొమ్మ గీసే ముందే ఆయన చేతిల ఉన్నది” అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. “ఎరుపు మీద నలుపు దూరం కెల్లి కొడతది. మేం బోర్డులకు గదే వాడేది. ఈ బొమ్మ గల్లీ అవుతల నిలబడి చూసెతందుకు వేసిండు. మీరేమో దగ్గర కూసున్నరు.”

అందరం లేచి హాలు చివరికి, అక్కణ్ణించి వంటింటి గుమ్మం దాకా వెళ్లి చూశాం. బొమ్మ మారిపోయింది. పెళ్లి కార్డుల మీద ఇది ఎందుకంత తేలిగ్గా ఇమిడిపోయిందో, ఇమిడిపోయి ఏం పోగొట్టుకుందో ఆ గుమ్మం దగ్గర నాకు మొదటిసారి అర్థమైంది. ఏ కేటలాగ్ వ్యాసంలోనూ నేను చదవని మాట అది. చేత్తో ఆ పని చేసినవాడికి మాత్రమే తెలిసే మాట.

ఇలాంటి చోట్లకి రోగాలూ ఉన్నాయి, దాచను. మొదటిది సన్మానం. రెండేళ్లు నడిచేసరికి ఎవరో ఒకరు వార్షికోత్సవం పెడదామంటారు, శాలువా వస్తుంది, మాట పోతుంది. రెండోది మొహమాటం. ఊరు చిన్నది, అందరూ స్నేహితులే, ‘పాపం కష్టపడి వేశాడు’ అనే జాలి. ఇది శత్రుత్వం కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. మూడోది, కాస్త పేరు రాగానే గుంపు గుత్తాధిపత్యం అవుతుంది. ఎవరు కళాకారుడు, ఎవరు కాదు అని తేల్చే కచేరీ అవుతుంది. మా గుంపు ఈ మూడూ రాకముందే, మిత్రురాలు ఇల్లు మారడంతో ఆగిపోయింది. ఆమె హాలు మీదే మొత్తం ఆధారపడ్డాం, మనుషుల మీద ఆధారపడ్డవాళ్లని తప్పుపడుతూ. రాజమండ్రివాళ్లు ఎందుకు మనకన్నా తెలివైనవాళ్లో అప్పుడు తెలిసింది. వాళ్లు గదిని ఎవరి ఇంటికీ కట్టేయలేదు, ఊరికి కట్టేశారు.

జిల్లాకో గ్రంథాలయం ఉంది. ఆదివారం దాని హాలు ఖాళీగానే ఉంటుంది. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు. శ్రీకాళహస్తిలో కలం పట్టినవాళ్లు ఉన్నారు. ప్రతి పట్టణంలో డ్రాయింగు మాస్టారున్నాడు, ఫ్లెక్సీ దెబ్బకి బ్రష్ అటక మీద పెట్టిన కాకా ఉన్నాడు, ఇన్‌స్టాలో రాత్రిళ్లు బొమ్మలు పెట్టి లైకులు లెక్కపెట్టుకునే ఇంటర్ పిల్ల ఉంది. వీళ్లు ఒకరికొకరు తెలియరు. ఒక బొమ్మ, పది కుర్చీలు, ఒక పగటిపూట కావాలి. వేదిక ఉండకూడదు.

*

బొమ్మలు మానేసిన ఆ తమ్ముణ్ణి మొన్నీమధ్య మళ్లీ కలిశాను. ఈసారి చెప్పేశాను. నీ బస్టాండు బొమ్మలో మొహాల కన్నా చెప్పులకి ఎక్కువ పోలికలున్నాయి, ఎందుకలా వేశావని అప్పుడే అడుగుదామనుకుని అడగలేదని. కాసేపు నావైపు చూశాడు. “చెప్పులే ముందు వేసిన. వాటిని వట్టి మనిషి ఎట్లుంటడో అంచనా కట్టి మొఖం వేసిన. ఒక్కటి మాత్రం కుదరలే, కుడి దిక్కు చివరాయనది. గమనించిన్రా?” అన్నాడు.

గమనించలేదని ఒప్పుకున్నాను. ఫోన్ తీసి పాత ఫొటో వెతికాడు. టీ చల్లారిపోయేదాకా ఆ చివరి మనిషి గురించి మాట్లాడుకున్నాం. మళ్లీ వేస్తానని అతను అనలేదు, వెయ్యమని నేనూ అనలేదు. కుడివైపు చివరి మనిషి తల కింద మాత్రం చెప్పులు లేవు. సంచీ ఉంది. అది నేను అప్పుడు చూడలేదు.